టైలరమ్మకి ఎవరు చెప్పాలి

ఆ వేసవిలో బడి బట్టల సీజన్ మొదలయ్యేసరికే మా అత్తయ్యకి మందు ఎక్కించడం మొదలై చాన్నాళ్ళయింది. పెద్దపేగులో కాన్సర్. ఆ మాట ఊళ్ళో ఒకప్పుడు చెవిలో చెప్పుకునేవాళ్ళు గానీ మా ఇంట్లో మామూలుగానే అనేవాళ్ళం. ఎందుకంటే ఊరికి ఆ మాట గట్టిగా అనడం నేర్పిందే ఆవిడ.

ఆవిడ పని కుట్టుపని. కింద దుకాణం, పైన మా కాపురం. మా ఆయన గుడ్డ కొని తెచ్చి కత్తిరించేవాడు, ఆవిడ కుట్టేది, నేను కాజాలు, గుండీలు, ఇస్త్రీ. ఇది చాలదన్నట్టు ఆవిడకి ఇంకో వ్యాపకం ఉండేది. కాన్సర్ వచ్చి మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళకెళ్ళి చూసే జట్టొకటి ఉంది మా ఊళ్ళో. ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ, ఆవిడతో తీరిక చేసుకుని వచ్చే మనుషులు. అందులో రిటైరైన డ్రాయింగు మాస్టారు ముఖ్యుడు. కారు ఆయనది. నడిపేదీ, మంచాలు కదిపేదీ, మెట్ల మీదుగా మనుషుల్ని మోసేదీ, జోకులు వేసేదీ ఆయనే. డాక్టరమ్మ మందులు చూసేది. మా అత్తయ్య పని చెప్పడం.

చెప్పడం అంటే, ఇక మందులు పనిచెయ్యవు, ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకుందాం అని చెప్పడం. అది డాక్టరు చెయ్యాల్సిన పని కదా అని మీరంటారు. నేనూ అన్నాను. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ డాక్టరమ్మ ఒక ఇంట్లో చెప్పబోయి, చెప్పలేక బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చిందట. లోపల రోగి, ఆయన భార్య ఎదురుచూస్తూ కూర్చున్నారు. సరే, అత్తయ్య వెళ్ళి చెప్పింది. ఆ రోజు నుంచి ఆ పని ఆవిడ నెత్తిన పడింది. ఎవరూ కావాలని మోపలేదు, అందరికీ తేలిగ్గా ఉంది కాబట్టి అలా ఉండిపోయింది.

నాకీ జట్టంటే మొదట్నుంచీ కాస్త మంట. ఊళ్ళో ఏడుపులన్నీ మూటగట్టుకొచ్చి మా వంటింట్లో దింపుతుందని. "ఊరికే అన్నారా, అత్త లేని కోడలు ఉత్తమురాలని" అనేదాన్ని. "సగం సామెతే వచ్చా నీకు? కోడలు లేని అత్త గుణవంతురాలు, అది కూడా చెప్పు" అనేది ఆవిడ, నోట్లో దారం కొరుకుతూ. మా మధ్య ముద్దులూ మురిపాలూ అంటే ఇవే.

ఆ వేసవిలోనే, ఆవిడకి ఒంట్లో ఓపిక లేక, తోడుకి నేను కూడా ఒక ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. ఒక వడ్రంగి ఇల్లు. పెద్ద వయసు కాదు. ఊపిరితిత్తుల్లో జబ్బు. గదిలో సగం చేసి వదిలేసిన కుర్చీ కాళ్ళు గోడకి చేరేసి ఉన్నాయి. డాక్టరమ్మ ఆయన నాడి చూసింది, వీపు మీద గొట్టం పెట్టి విన్నది, తర్వాత ఆయన భార్యకి మాత్రలు ఎలా వెయ్యాలో చెప్తానని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు కిటికీ రెక్క బాగుచేసే నెపంతో అటు తిరిగారు. అత్తయ్య తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుని మంచం పక్కన కూర్చుంది. మాట్లాడలేదు. కూర్చుందంతే. కాసేపటికి ఆ మనిషే అడిగాడు.

"టైలరమ్మా, నేనిక లేవనా?"

"లేవవు నాయనా," అంది ఆవిడ. "నొప్పి మాత్రం రానివ్వం."

వడ్రంగి కళ్ళు మూసుకుని, "మా ఆవిడకి కూడా మీరే చెప్పండి" అన్నాడు. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. డాక్టరమ్మ వంటింట్లోంచి ఇవతలికి వచ్చేసింది. ఇద్దరూ గుమ్మంలో ఒకరికొకరు దారి ఇచ్చుకున్న తీరు చూస్తే, వాళ్ళకది ఎంత అలవాటైన పనో తెలిసిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, "ఆయన అడగకపోతే ఏం చేసేవాళ్ళు?"

"వచ్చేవారం మళ్ళీ వెళ్ళి కూర్చునేదాన్ని. అడిగిందాకా చెప్పకూడదు. అడిగాక దాచకూడదు."

ముందు సీట్లోంచి డాక్టరమ్మ తలూపింది. జట్టులో ఎవరు కొత్తగా చేరినా ముందు ఇదే నేర్పేవాళ్ళట. అప్పటికి నాకది మంచి మాటగానే తోచింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే అత్తయ్యకి స్కాన్ తీశారు. మందు ఎక్కించే గది ఆసుపత్రిలో వెనక వైపు. వరసగా వాలు కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక స్టాండు, స్టాండుకి సీసా. అందులో ఉన్న నర్సులకి, ఊడ్చేవాళ్ళకి, పక్క కుర్చీల వాళ్ళకి, అందరికీ ఆవిడ తెలుసు. "టైలరమ్మకి మంచి కుర్చీ ఇవ్వండి" అని ఒకరు, "టైలరమ్మకి దిండు" అని ఒకరు. పెళ్ళికొచ్చిన వియ్యపురాలికి కూడా అంత మర్యాద జరగదు. డాక్టరమ్మ స్కాన్ ఫిల్ములు వెలుతురుకి పట్టి చూసింది. చూసి కవర్లో పెట్టేసింది.

"ఇదే మందు ఇంకొన్నాళ్ళు ఇద్దాం ఆంటీ," అంది.

"నీ ఇష్టం తల్లీ."

"వేళ్ళు ఎలా ఉన్నాయి? తిమ్మిర్లేమైనా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

మాస్టారు వెంటనే అందుకున్నారు. "వేళ్ళకేం, మిషన్‌కి నూనె వేస్తున్నాం కదా, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరమ్మ మాత్రం కూర్చోకుండా నిలబడే మాట్లాడి పక్క కుర్చీకి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో పలకరింపులు కూడా అలాగే ఉండేవి. ఊళ్ళో అందరి చేతా కాన్సర్ అనే మాట పలికించిన జట్టు, మా గడప తొక్కగానే "నీరసం ఎలా ఉంది?" అనేది. పళ్ళు తెచ్చేవాళ్ళు, దిండ్లు తెచ్చేవాళ్ళు, వాళ్ళ పేషెంట్ల కబుర్లు చెప్పి సలహాలు అడిగేవాళ్ళు. ఆవిడ మంచం మీంచే సలహాలు చెప్పేది. వాళ్ళు వెళ్ళాక గోడకి తిరిగి పడుకునేది.

మందు ఎక్కించిన ప్రతిసారీ నాలుగు రోజులు మనిషి మనిషిలా ఉండేది కాదు. వాంతులు, నోట్లో పుళ్ళు, చల్లటి గ్లాసు ముట్టుకుంటే షాకు కొట్టినట్టు ఉలికిపడేది. కాస్త తేరుకోగానే మెట్లు దిగి మిషన్ దగ్గరికి. సీజన్ మరి. తెల్ల చొక్కాల గుడ్డ, నీలం నిక్కర్ల గుడ్డ తానులు తానులు దిగాయి. అందులో ఒకటో తరగతి పిల్లల చొక్కాలు మాత్రం ఆవిడ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"పెద్ద కాలర్ ఎవరైనా కుడతారు. చిన్న కాలర్ తిప్పడమే కష్టం. నువ్వు తిప్పితే పిల్లాడి మెడ కోసుకుపోతుంది" అనేది.

"నేను తిప్పితే ఈ ఊళ్ళో ఒక్కడి మెడైనా మిగులుతుందా!" అనేదాన్ని.

ఆ మధ్యాహ్నం కూడా ఆవిడ చిన్న కాలరే కుడుతోంది. నేను ఇస్త్రీ దగ్గర ఉన్నాను. మిషన్ చప్పుడు ఆగలేదు, ఆవిడ నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. ఎందుకో తలెత్తి చూస్తే తెల్ల గుడ్డ మీద ఎరుపు. సూది ఆవిడ చూపుడువేలు అంచులోంచి దిగింది. వేలు గుడ్డతో కలిసి ముందుకి జరుగుతోంది. ఆవిడ కాలు తొక్కుతూనే ఉంది.

"అత్తయ్యా!"

ఆవిడ ముందు నా వైపు చూసింది, తర్వాత వేలి వైపు. "అరె," అంది, ఎవరిదో వేలు చూసినట్టు.

చక్రం చేత్తో తిప్పి సూది పైకి లేపాను. గుడ్డ చుట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటే అప్పుడు వెలిగింది నాకు. పక్క వేలు మీద గోరుతో గిచ్చాను. చలనం లేదు. ఇంకో చెయ్యి గిచ్చాను. అదీ అంతే.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచైతే ఏం."

"డాక్టరమ్మ ప్రతిసారీ అడుగుతోందిగా! బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పారుగా!"

"లేవంటే ఆ మందు ఆపేస్తుంది."

"ఆపనివ్వండి. వేళ్ళు పాడుచేసే మందు ఎవడిక్కావాలి?"

"ఆపితే తర్వాత ఏంటన్నది చెప్పాలి కదే ఆ పిల్ల. చెప్పలేదు. పోయి కారులో కూర్చుంటుంది."

నేను ఇస్త్రీపెట్టె తీసెయ్యడం మర్చిపోయాను. ఏదో నిక్కరు మాడిన వాసన వచ్చింది. తీసి పక్కన పెట్టి, మళ్ళీ వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను.

"అంటే మీకు తెలుసా?"

"స్కాన్ కవర్లో పెట్టిన తీరు చూశాగా. ఎన్ని ఇళ్ళలో చూశాను ఆ కవర్లు."

"మరి అడగరేం?"

"నేనడిగితే అది ఏడుస్తుంది. అది ఏడిస్తే నేనూ ఏడుస్తాను. నాకు ఏడవాలని లేదు. ఈ చొక్కాలు కుట్టాలని ఉంది. ఈ ఒక్క సీజన్ నా చేత్తో అయితే చాలనుకున్నా. వేళ్ళు అందాకా ఆగుతాయనుకున్నా." చుట్టిన గుడ్డ కేసి చూసుకుని, "ఆగలేదు," అంది.

నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వేసింది. ఊళ్ళో వాళ్ళకి నిజాలు పంచిపెట్టిన మనిషి, తనకొచ్చేసరికి ఎవరికో బాధ కలుగుతుందని, ఉన్న నాలుగు రోజులూ వాంతులకి, ఉన్న రెండు చేతులూ ఆ సీసాకి ఒప్పజెప్పేసింది.

మా ఆయనకి చెప్పాను. ఆయన కత్తెర కింద పెట్టి చాలాసేపు గుడ్డ మీద గీసిన సుద్దగీతల్నే చూశాడు. "అమ్మకి తెలియనిదా? అవన్నీ ఆవిడకి తెలిసినంతగా మనకేం తెలుసు? ఆవిడ ఎలా అంటే అలా" అన్నాడు. ఆయన పిరికివాడు కాడు. కానీ అన్నీ తెలిసిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పరు, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు రక్తం మరక పడ్డ చొక్కా సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ గదిలో మాస్టారు కూడా ఉన్నారు, ఆ రోజు వెళ్ళాల్సిన ఇళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. చొక్కా తీసి బల్ల మీద పరిచాను. జరిగింది చెప్పాను. డాక్టరమ్మ మరక మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"నాకు బాగున్నాయనే చెప్పారు," అంది చివరికి.

"చెప్తారు. స్కాన్‌లో ఏముందో మీరు చెప్పారా?"

"ఆంటీ అడగలేదు."

"అడగనిదే అమ్మయినా పెట్టదని, బాగుంది మీ సూత్రం!"

"అది ఆంటీ సూత్రమే," అంది చిన్న గొంతుతో.

"ఆవిడ అడగరు డాక్టరమ్మా. మీరు చెప్పలేరని అడగరు. మీరు ఏడుస్తారని వేళ్ళు పోయినా నోరు విప్పలేదు. ఇదే వేరే ఇంట్లో అయితే ఏం చేసేవాళ్ళు?"

ఆమె మరక మీంచి వేలు తీసేసింది. "స్కాన్ చూసిన రోజే మందు ఆపేదాన్ని. లివర్ నిండా ఉంది. ఆ మందు వల్ల లాభం లేదు."

"ఆపి?"

"ఆపి... ఆంటీని పంపేదాన్ని, చెప్పమని."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన జోకు వెయ్యకుండా ఉండటం నేనప్పుడే చూశాను. "ఆవిడని పేషెంటు అనుకోలేకపోయామమ్మా," అన్నారు. "మా మనిషి కదా, మాలోనే ఉందనుకున్నాం."

"మీ మనిషి కాబట్టే మీ అందరి నోళ్ళూ పడిపోయాయి," అన్నాను. ఇంకా చాలా అనాలని వెళ్ళాను గానీ ఆ అమ్మాయి మొహం చూశాక అంతకంటే అనలేకపోయాను. చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ దుకాణానికి వచ్చింది. ఒక్కతే వచ్చింది, మాస్టారి కారులో కాదు, నడిచి. అత్తయ్య మిషన్ దగ్గరే ఉంది, కట్టు కట్టిన వేలితో నిక్కరు అంచు మడవాలని చూస్తోంది. నేను లేవబోతే, "నువ్వుండు," అంది ఆవిడ. నేను కాజా దగ్గరే తల వంచుకుని ఉండిపోయాను. డాక్టరమ్మ స్టూలు మీద ఉన్న గుడ్డముక్కలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, మీతో మాట్లాడాలి."

"మాట్లాడు."

"స్కాన్‌లో... అంటే, మనం ఇస్తున్న మందు..." ఆమె చూపు నేల మీదే ఉంది.

అత్తయ్య నిక్కరు పక్కన పెట్టింది. "నేల మీద ఎవరున్నారే? నన్ను చూసి చెప్పు."

ఆమె తలెత్తింది. "మందుకి రెస్పాన్స్ అనుకున్నంతగా..."

"ఆ ముక్క ఎవరికర్థమవుతుంది? రేపు నేనుండను. ఇంకో ఇంటికెళ్ళి ఇలాగే నసుగుతావా? మామూలు మాటల్లో చెప్పు."

"మందు పనిచెయ్యట్లేదు ఆంటీ."

"ఆఁ."

"జబ్బు లివర్‌కి పాకింది. ఇవ్వడానికి ఇంకో మందు లేదు. నొప్పి..."

"ఆగు. ఇక్కడ ఆగాలి. అవతలి మనిషి ఊపిరి పీల్చుకోవాలి కదా."

డాక్టరమ్మ ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. నా చేతిలో దారం ముడిపడింది, విప్పలేదు. అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. నేర్పడానికి కాదు, నిజంగానే. తెలిసిన మాటే అయినా, బయటి నోటి నుంచి వినేసరికి ఆవిడ కింది పెదవి అదిరింది. తర్వాత మెడలో వేసుకున్న కొలతల టేపు తీసి చేతికి చుట్టుకుంటూ అంది.

"ఇప్పుడు నేనడుగుతాను. బడులు తెరిచేదాకా ఉంటానా?"

"ఉండకపోవచ్చు ఆంటీ."

"ఉండకపోవచ్చేంటి?"

డాక్టరమ్మ కళ్ళు నిండిపోయాయి. చూపు మాత్రం తిప్పుకోలేదు. "ఉండరు ఆంటీ."

"అదీ. అలా చెప్పాలి," అని, మా అత్తయ్య ఏడ్చింది. నా పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ఏడవగా నేను చూడలేదు. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ కూడా ఏడ్చింది, ఒళ్ళో గుడ్డముక్కలతోనే మొహం తుడుచుకుంటూ. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే నేను లేచి తలుపు దగ్గరగా వేశాను. కాసేపటికి ఆవిడే తేరుకుని, "ఏడుస్తూ చెప్పినా ఫరవాలేదే. చెప్పకుండా పారిపోకూడదు," అంది.

మందు ఆ రోజుతో ఆగిపోయింది. వాంతులు తగ్గాయి, నోరు మానింది, నాలుగు ముద్దలు తినగలిగింది. వేళ్ళు మాత్రం రాలేదు. బాగున్నవాళ్ళకే నెలలు పడుతుంది, కొందరికి అసలు రావు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆపాల్సినప్పుడే ఆపి ఉంటే ఆ సీజన్ ఆవిడ కుట్టుకునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. ఈ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియదు.

ఆవిడ దుకాణంలో నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చునేది. చిన్న కాలర్లు నేను తిప్పాను. "విప్పు," అనేది. విప్పేదాన్ని. "మళ్ళీ విప్పు." మళ్ళీ విప్పేదాన్ని. గుడ్డ నూలో కాదో వేళ్ళకి తెలియక, ఎత్తి చెంపకి ఆనించుకుని చూసి చెప్పేది. ఒకటో తరగతి చొక్కాలన్నీ పూర్తయ్యాయి. ఆవిడ కుట్టినట్టు లేవు. ఆ మాట ఆవిడే చెప్పింది. "మెడలు కోసుకుపోవులే, అది చాలు," అంది.

తర్వాత మెట్లు దిగలేకపోయింది. మాస్టారు వచ్చి మంచం కిటికీ పక్కకి జరిపారు. జట్టు వాళ్ళు ఇప్పుడు నీరసం అనడం మానేశారు. వచ్చి ఊరికే కూర్చునేవాళ్ళు. వడ్రంగి పోయాడని, చివరి గడియలని ఆయన భార్యకి ఈసారి డాక్టరమ్మే దగ్గరుండి చెప్పిందని మాస్టారు చెప్తే, అత్తయ్య కళ్ళు తెరవకుండానే "ఎలా చెప్పింది?" అని అడిగింది. "నిదానంగా," అన్నారాయన.

చివరి రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి నొప్పికి సూది వేసింది. వేసి వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని, అత్తయ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది. వేళ్ళు ఒక్కొక్కటీ నిమిరింది, అరచెయ్యి నిమిరింది. నేను మంచానికి ఇవతల వైపు ఉన్నాను. అత్తయ్య కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ చూపు కిటికీ మీద ఉంది. కాసేపటికి డాక్టరమ్మకి అనుమానం వచ్చింది.

"గట్టిగా పట్టుకున్నానా ఆంటీ?"

అత్తయ్య మెల్లగా తల ఇటు తిప్పింది.

"పట్టుకున్నావా తల్లీ?" అంది.

డాక్టరమ్మ మొహంలో రక్తం లేకుండా పోయింది. చేతిని వదల్లేదు. తన చెయ్యి కొంచెం పైకి జరిపి మణికట్టు దగ్గర పట్టుకుంది. "ఇక్కడ?"

అత్తయ్య లేదన్నట్టు తల ఊపింది.

ఇంకొంచెం పైకి జరిపింది. "ఇక్కడ?"

"లేదు."

మోచేతికి కాస్త కింద చెయ్యి వేసి నొక్కింది. ఈసారి అడగకముందే అత్తయ్యే చెప్పింది.

"ఆఁ. ఇప్పుడు తెలుస్తోంది."

డాక్టరమ్మ అక్కడే పట్టుకుని కూర్చుంది. సాయంత్రం అత్తయ్య ఊపిరి ఆగిపోయాక కూడా, మా ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆమె వదల్లేదు.